పరగడుపు నుంచి ఫ్రీజర్ దాకా: విశాఖలో జీవక్రియల పరిశోధనకు నమూనాలు తీసిన నా అనుభవం

ట్యూబులోకి తీసిన రక్తం ఇంకా బతికే ఉంటుంది. ఎర్రకణాలు, తెల్లకణాలు ఒంట్లో ఉన్నప్పటిలాగే గ్లూకోజ్‌ని తింటూ లాక్టేట్‌ని వదులుతుంటాయి. మామూలు గది వేడిలో వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజ్ ఇలా ఖర్చైపోతుంది. డెసీలీటరుకు 104 మిల్లీగ్రాములున్న రక్తాన్ని రెండు గంటలు బల్ల మీద ఉంచితే 92 చూపిస్తుంది. పరగడుపున 100 దాటితే మామూలు హద్దు దాటినట్టు లెక్క. 92 అంటే ఏ లోటూ లేనట్టు. విశాఖ మే నెలలో, కరెంటు పోయి ఏసీ ఆగిన గదిలో, ఈ తరుగు ఇంకా వేగంగా ఉంటుంది. తెల్లకణాలు బాగా పెరిగినవాళ్ళ రక్తంలో మరీను.

కొవ్వు, గ్లూకోజ్, ప్రొటీన్, ఈ మూడింటి జీవక్రియను ఒకే మనిషిలో ఒకే ఉదయం కొలిచే పని విశాఖలో మేం చేశాం. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు కొందరు, కొత్తగా షుగరు బయటపడ్డవాళ్ళు కొందరు. ఆ పని ఎలా నడిచిందో, ఎక్కడ చెడిందో, ఎందుకు చెడిందో రాస్తున్నాను. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో ప్రాజెక్టుకో, ఎండీలో థీసిస్‌కో దిగబోయేవాళ్ళకు పనికొస్తుందని ఆశ. యంత్రం ఎలా నడపాలో కిట్టుతో వచ్చే కాగితంలోనే ఉంటుంది. యంత్రం దగ్గరకు రాకముందే చెడిపోయిన నమూనాని ఏ యంత్రమూ బాగుచెయ్యలేదు.

మూడూ కలిపి ఎందుకంటే, ఇన్సులిన్ చేతిలో మూడూ ఉన్నాయి గనక. అది తక్కువైనా, ఉండీ పని చెయ్యకపోయినా కాలేయం గ్లూకోజ్‌ని రక్తంలోకి వదలడం ఆపదు. కొవ్వుకణాల్లోని ట్రైగ్లిజరైడ్లు విడిపోయి కొవ్వు ఆమ్లాలు, గ్లిసరాల్ బయటికొస్తాయి. కండరాల్లోని ప్రొటీన్ కరిగి, ఎక్కువ భాగం అమైనో ఆమ్లాలైన అలనిన్, గ్లుటమిన్‌ల రూపంలో రక్తంలోకి వస్తుంది. ఆ అలనిన్ కాలేయంలో మళ్ళీ గ్లూకోజే అవుతుంది. మిగిలిన నత్రజని యూరియాగా మారి మూత్రంలో పోతుంది. షుగరు ముదిరినవాళ్ళు బాగా తింటూ కూడా చిక్కిపోయేది ఇందుకే. ఒక్క గ్లూకోజ్ అంకె చూస్తే ఈ కథలో మూడో వంతే కనబడుతుంది.

ఎథిక్స్ కమిటీ అనుమతి రానిదే ఒక్క చుక్క రక్తం కూడా తియ్యకూడదు. భారత వైద్య పరిశోధన మండలి 2017లో తెచ్చిన మార్గదర్శకాలు అందరూ చదవాల్సినవి. సమ్మతి పత్రం తెలుగులో రాసేటప్పుడు ‘శిరాగత రక్త సేకరణ’ లాంటి మాటలు రాస్తే చదివేవాళ్ళకి ఏమీ అర్థం కాదు. ‘చేతికి ఒక్కసారే సన్న గొట్టం పెడతాం, దాంట్లోంచి నాలుగుసార్లు రక్తం తీస్తాం, మొత్తం 25 మిల్లీలీటర్లు, అంటే ఐదు టీ చెంచాలు. మధ్యలో వద్దనిపిస్తే లేచి వెళ్ళిపోవచ్చు’ అని రాశాం. మనిషికి ఏం జరగబోతోందో తెలిస్తే భయం తగ్గుతుంది. భయంలో అడ్రినలిన్ లేస్తే గ్లూకోజ్, కొవ్వు ఆమ్లాలు రెండూ పెరుగుతాయి కాబట్టి కొలతకీ ఇది మంచిదే.

గ్లూకోజ్ తాగించే పరీక్షకు ముందు మూడు రోజులు రోజుకు కనీసం 150 గ్రాముల పిండిపదార్థం తిని ఉండాలి. 200 గ్రాముల బియ్యం వండుకు తింటే అది వచ్చేస్తుంది కాబట్టి మనవాళ్ళకు ఇదో షరతే కాదనుకుంటాం. కానీ అన్నం పూర్తిగా మానేసి కొవ్వు మీదే నడిచే ఆహారపద్ధతులు పాటించేవాళ్ళు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. అలాంటివాళ్ళ కండరాలు కొవ్వు ఆమ్లాలను కాల్చడానికి అలవాటుపడి ఉంటాయి. ఒక్కసారిగా 75 గ్రాముల గ్లూకోజ్ వచ్చి పడితే దాన్ని తొందరగా తీసుకోలేవు. షుగరు లేకపోయినా రెండు గంటల అంకె ఎక్కువగా వస్తుంది. కార్తీక సోమవారాలు నక్షత్రం కనబడేదాకా ఉపవాసం ఉండేవాళ్ళ విషయమూ అంతే. అందుకే ఆ నెలలో మంగళ, బుధ, గురువారాలు ఎవర్నీ పిలవలేదు. రంజాన్ నెల మొత్తం ఆపేశాం. ఆషాఢ పౌర్ణమి ముందురోజు మొదలయ్యే సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్ల నడక. అంత నడిచొస్తే కండరాల్లో గ్లైకోజెన్ ఖాళీ అయి, ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ మామూలుకంటే బాగా పని చేస్తుంది, ట్రైగ్లిజరైడ్లు తగ్గుతాయి. ఆ పౌర్ణమి తర్వాత వారం ఖాళీగా ఉంచడం మేలు. పరిశోధన కేలండర్ పక్కన పంచాంగం పెట్టుకోమని నేను చెప్పేది ఇందుకే.

ఇది స్టీల్‌ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు ఉన్న ఊరు. నైట్ షిఫ్ట్ దిగి గాజువాక నుంచి నేరుగా ల్యాబ్‌కి వచ్చే మనిషికి ఉదయం ఏడున్నర అంటే రోజు ముగిసే వేళ. రాత్రివేళల్లో ఒళ్ళు గ్లూకోజ్‌ని సరిగ్గా తట్టుకోదు. నిద్రలేమి దాన్ని ఇంకా పెంచుతుంది. షిఫ్టుల వాళ్ళని చేర్చుకోవద్దని అనను, వదిలేస్తే ఈ ఊరినే వదిలేసినట్టు. వరసగా కనీసం మూడు రాత్రులు ఇంట్లో పడుకున్న తర్వాతే పిలవాలి. ఆ సంగతి ఫారంలో ఒక గడిగా ఉండాలి.

పరగడుపు అనే మాట దగ్గర మేం చాలా నేర్చుకున్నాం. గ్లూకోజ్ పరీక్షకు 8 నుంచి 14 గంటలు, ట్రైగ్లిజరైడ్లకు 12 గంటలు కావాలి. రెండూ కుదరాలంటే ముందు రాత్రి ఏడున్నరలోపు భోజనం, పొద్దున్న ఏడున్నరకు సూది. ‘ఏమైనా తిన్నారా?’ అని అడిగితే ‘లేదండీ’ అనే అంటారు, అది అబద్ధమూ కాదు. మన ఇళ్ళలో టీ తినే పదార్థం కింద రాదు. ‘అమ్మా, లేచిన దగ్గర్నుంచీ నోట్లో ఏమేం వేసుకున్నారో వరసగా చెప్పండి’ అని అడిగితే టీ, టీలో ముంచిన బిస్కట్టు, దగ్గు మందు, కిళ్ళీ, ఖైనీ అన్నీ బయటికొస్తాయి. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చిన పెద్దవయసు ఆడవాళ్ళని చుట్ట గురించి కూడా విడిగా, మర్యాదగా అడగాలి. అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని తాగే అలవాటు, ఇంకా ఉంది, అడగకపోతే చెప్పరు. పొగాకు ఇన్సులిన్ పనికి అడ్డం పడుతుంది, కొవ్వు ఆమ్లాలను పెంచుతుంది. మందు ఎప్పుడు తాగారన్నది మూడు రోజుల వెనక దాకా అడగాలి, ట్రైగ్లిజరైడ్ల కోసం. జుట్టు రాలకుండా వేసుకునే బిళ్ళల గురించి కూడా అడగండి. వాటిలో బయోటిన్ అనే విటమిన్ 5, 10 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. చాలా ఇన్సులిన్ కిట్లు బయోటిన్, దాన్ని గట్టిగా పట్టుకునే స్ట్రెప్టావిడిన్ అనే ప్రొటీన్, ఈ జంట మీద నడుస్తాయి. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే ఇన్సులిన్ నిండా ఉన్నా తక్కువే చూపిస్తుంది. రెండు రోజులు ఆపించి రమ్మనేవాళ్ళం.

వచ్చిన మనిషిని పావుగంట కుర్చీలో కూర్చోబెట్టాలి. మెట్లెక్కి వచ్చిన వెంటనే తీస్తే నిలబడ్డప్పటి బరువుకి రక్తనాళాల్లోని నీరు కణజాలంలోకి దిగి ఉంటుంది, ప్రొటీన్లూ వాటిని అంటిపెట్టుకున్న కొవ్వులూ లోపలే చిక్కబడతాయి. పడుకున్నప్పటికీ నిలబడ్డప్పటికీ మొత్తం ప్రొటీన్‌లో, కొలెస్ట్రాల్‌లో దాదాపు పదో వంతు తేడా వస్తుంది. చేతికి కట్టే పట్టీ నిమిషం దాటి ఉంచినా ఇదే జరుగుతుంది. మందు వాడినవాళ్ళకీ వాడనివాళ్ళకీ పదిశాతం తేడా వచ్చిందని సంబరపడే ముందు, రెండు గుంపులనీ ఒకేలా కూర్చోబెట్టారా అన్నది చూసుకోవాలి.

చేతికి పెట్టిన సన్న గొట్టం (కాన్యులా) మూసుకుపోకుండా ఆస్పత్రుల్లో హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు) నీళ్ళు ఎక్కించే అలవాటుంది. జీవక్రియల పనిలో అది పనికిరాదు. హెపారిన్ ఒంట్లోకి వెళ్ళగానే రక్తనాళాల గోడలకు అతుక్కుని ఉన్న లైపోప్రొటీన్ లైపేజ్ అనే ఎంజైము ఊడి రక్తంలోకి వస్తుంది. అది ట్యూబులో కూడా ఆగకుండా ట్రైగ్లిజరైడ్లను కోస్తుంటుంది, కొవ్వు ఆమ్లాల అంకె ఆకాశానికెక్కుతుంది. మామూలు సెలైన్ 2 మిల్లీలీటర్లు ఎక్కిస్తే చాలు. ప్రతిసారీ రక్తం తీసేముందు గొట్టంలో ఉన్న సెలైన్ కలిసిన మొదటి రక్తాన్ని వేరే సిరంజిలోకి లాగి పారెయ్యాలి. మా దగ్గర ఒక ఉదయం అరగంట నమూనాలన్నీ గ్లూకోజ్, ఆల్బుమిన్ (రక్తంలో ఎక్కువగా ఉండే ప్రొటీన్) రెండింట్లోనూ ఒకే నిష్పత్తిలో తక్కువగా వచ్చాయి. అన్నీ కలిసి ఒకేలా తగ్గితే అది నీళ్ళు కలవడమే.

ట్యూబుల వరస: ముందు సీరం ట్యూబు (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం సీరం), తర్వాత గడ్డకట్టకుండా ఆపే ఊదా మూత ఈడీటీఏ, చివర గ్లూకోజ్ కోసం బూడిదరంగు మూత ఫ్లోరైడ్. తిరగేస్తే ముందు ట్యూబులోని రసాయనం తర్వాతి దానిలోకి అంటుతుంది. సిరంజితో తీసినప్పుడు సూది గుండా ట్యూబులోకి గట్టిగా చిమ్మకూడదు. సూది తీసేసి, మూత తెరిచి, గోడ వెంట జారవిడవాలి. ఎర్రకణాలు పగిలితే అన్నింటికంటే ముందు పోయేది ఇన్సులిన్. ఎర్రకణాల లోపల ఇన్సులిన్‌ని ముక్కలు చేసే ఎంజైము ఉంది. కణం పగలగానే అది బయటపడి పని మొదలుపెడుతుంది. పరగడుపు గ్లూకోజ్ 98, ఇన్సులిన్ 14 మైక్రోయూనిట్లు అనుకోండి. రెంటినీ గుణించి 405తో భాగిస్తే ఇన్సులిన్ నిరోధకత సూచిక 3.4. నమూనా ఎర్రబారి ఇన్సులిన్ 9కి పడిపోతే సూచిక 2.2 అయి కూర్చుంటుంది. సీరం గులాబీ రంగులో ఉందంటే ఇన్సులిన్‌కి వాడకుండా పక్కన పెట్టాలి. ‘కొంచెమే కదా’ అని వాడినవి తర్వాత లెక్కల్లో ఎక్కడ ఇబ్బంది పెడుతున్నాయో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇక గ్లూకోజ్ తాగించడం. లెక్క ప్రకారం 75 గ్రాములు అంటే నీటి అణువు లేని గ్లూకోజ్. మందుల షాపులో దొరికే పొడి ఎక్కువగా నీటి అణువుతో కూడిన రకం, అది 82.5 గ్రాములు తూచితేనే 75కి సమానం. అదే 75 తూచి ఇస్తే లోపలికి వెళ్ళేది 68 గ్రాములే. డబ్బా మీద చిన్న అక్షరాలు చదవాలి. నిమ్మ, నారింజ రుచుల పొడుల్లో పంచదార కూడా కలిసి ఉంటుంది, అవి వద్దు. సముద్రపు తేమకి ఈ పొడి నాలుగు రోజుల్లో గడ్డకడుతుంది, గడ్డకట్టిందంటే తూకంలో నీళ్ళు కూడా ఉన్నట్టే. ఒక్కో మోతాదూ ముందే తూచి గాలి చొరని సంచుల్లో పెట్టుకున్నాం. 300 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ళలో కలిపి, ఐదు నిమిషాల్లో పూర్తిగా తాగించాలి. గడియారం మొదటి గుక్క దగ్గర మొదలవ్వాలి, ఆఖరి గుక్క దగ్గర కాదు. నిమ్మచెక్క పిండితే వికారం తగ్గుతుంది. పిండితే అందరికీ ఒకే కొలతలో పిండాలి. వాంతి అయితే ఆ రోజు పరీక్ష చెల్లదు. రెండు గంటలూ కూర్చునే ఉండాలి, కారిడార్లో తిరిగితే కండరాలు గ్లూకోజ్‌ని లాగేసుకుంటాయి.

0, 30, 60, 120 నిమిషాలకు రక్తం తీస్తాం. ఒక నర్సమ్మతో ఉదయానికి ఎంతమందిని చూడొచ్చు? ఆరేసి నిమిషాల తేడాతో ఐదుగురిని. మొదటివారు 0కి, తర్వాతివాళ్ళు 6, 12, 18, 24 నిమిషాలకు. అప్పటికి మొదటివారి అరగంట అవుతుంది. ఆరో మనిషిని కూర్చోబెడితే అతని మొదటి సూది, మొదటివారి అరగంట సూది ఒకే నిమిషంలో పడతాయి. ఒక నిమిషం అటూ ఇటూ అయితే దాచకుండా అసలు టైము రాయాలి. గ్రాఫు కింద వైశాల్యం లెక్కగట్టేటప్పుడు అనుకున్న టైము కన్నా అసలు టైమే కావాలి.

తీసిన ట్యూబు ఏం చెయ్యాలన్నది ఈ మొత్తం పనికి గుండెకాయ. ఫ్లోరైడ్ ట్యూబులో వేశాం కదా, గ్లూకోజ్ భద్రం అనే నమ్మకం చాలామందికి ఉంది. ఫ్లోరైడ్ అడ్డుకునేది కణాలు గ్లూకోజ్‌ని మెట్టుమెట్టుగా విడగొట్టే గ్లైకాలిసిస్‌లో తొమ్మిదో మెట్టు దగ్గరున్న ఎంజైము ఎనోలేజ్‌ని. గ్లూకోజ్‌ని పట్టి లోపలికి లాక్కునే మొదటి మెట్టు అప్పటికీ తెరిచే ఉంటుంది; ఆ అడ్డంకి వెనక పదార్థాలు పేరుకుని మొదటి మెట్టు ఆగేసరికి గంటో, రెండు గంటలో పడుతుంది. ఆ లోపు పోవాల్సింది పోతుంది. తర్వాత నిలకడగా ఉంటుంది నిజమే, కానీ నిలబడేది తగ్గిన అంకె దగ్గర. సిట్రేట్ కలిసిన ట్యూబులు వెంటనే ఆపుతాయి, దొరికితే అవే వాడాలి. దొరకని చోట బూడిదరంగు ట్యూబుని ఎనిమిది పదిసార్లు మెల్లగా తిరగేసి, తక్షణం ఐసులో దించి, అరగంటలోపు ప్లాస్మా (గడ్డకట్టని రక్తంలో కణాలు తీసేసిన ద్రవం) విడదీయాలి. ఐసు ముక్కల మధ్య ట్యూబు గుచ్చితే ముక్క తగిలిన చోటే చల్లబడుతుంది. ఐసుని దంచి సగం నీళ్ళు పోస్తే ట్యూబు చుట్టూ ఒకేలా పట్టుకుంటుంది.

సీరం ట్యూబుని మాత్రం ఐసులో పెట్టకండి, గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. బయటే నిలువుగా అరగంట. తొందరపడి ముందే తిప్పితే సీరంలో జిగట పోగులు మిగిలి యంత్రం పైపులో అడ్డుపడతాయి. కొవ్వు ఆమ్లాల కోసం తీసిన ఈడీటీఏ ట్యూబు ఐసులోకే. ట్యూబుల్ని గిర్రున తిప్పి కణాల్ని విడదీసే సెంట్రిఫ్యూజ్ గురించి ‘3000 ఆర్‌పీఎం, పది నిమిషాలు’ అని రాస్తే ఇంకో ల్యాబ్‌కి ఏమీ చెప్పనట్టే. రోటర్ వ్యాసార్ధం 15 సెంటీమీటర్లయితే 3000 దగ్గర సుమారు 1500 జి, 10 సెంటీమీటర్లయితే సుమారు 1000 జి. జి అంటే భూమ్యాకర్షణకు ఎన్ని రెట్ల బలమో చెప్పేది, ఆ అంకె రాయండి.

ఫ్లోరైడ్ ప్లాస్మా మిగిలింది కదా అని దాంట్లో యూరియా చేస్తే సున్నాకి దగ్గరగా వస్తుంది. యూరియా కిట్టులోని యూరియేజ్ ఎంజైముని ఫ్లోరైడ్ చంపేస్తుంది. యూరియా సీరంలోనే చెయ్యాలి.

గ్లూకోజ్ ఆక్సిడేజ్ పద్ధతికి స్టాండర్డ్ (పోల్చడానికి వాడే, గాఢత తెలిసిన గ్లూకోజ్ ద్రావణం) సొంతంగా కలుపుకుంటే ఒక జాగ్రత్త. పొడిలో ఉండేది చాలావరకు ఆల్ఫా గ్లూకోజ్, ఎంజైము ముట్టేది బీటా గ్లూకోజ్‌నే. నీళ్ళలో కలిపాక ఆల్ఫా మెల్లగా బీటాగా మారి, 36కి 64 పాళ్ళలో స్థిరపడుతుంది. కలిపిన వెంటనే వాడితే స్టాండర్డ్ తక్కువ రంగునిస్తుంది, దానితో పోల్చిన నమూనాలన్నీ ఎక్కువ చూపిస్తాయి. బెంజోయిక్ ఆమ్లం నీళ్ళలో కలిపి ఒక రాత్రి ఉంచి, మర్నాడు వాడాలి. ఈ ఒక్క సంగతి తెలియక, పొద్దున్న చేసిన అంకెలూ సాయంత్రం చేసిన అంకెలూ ఎందుకు కలవట్లేదో మేం తల బద్దలుకొట్టుకున్నాం.

ఇక్కడి తేమ ఇంకో రకంగానూ దెబ్బతీస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన రీఏజెంట్ సీసా మూత వెంటనే తెరిస్తే లోపలి చల్లదనానికి గాలిలోని నీరు దానిలో చేరుతుంది. చల్లటి క్యూవెట్ (రంగు చదవడానికి వాడే చిన్న పాత్ర) బయట పొగమంచులా తడి పడితే వెలుతురు చెదిరి రీడింగ్ పెరుగుతుంది. అరగంట బయట ఉంచి, తుడిచి, అప్పుడు చదవాలి.

ట్రైగ్లిజరైడ్ కిట్టు నిజానికి కొలిచేది గ్లిసరాల్‌ని. కొవ్వుని లైపేజ్‌తో కోసి, వచ్చిన గ్లిసరాల్‌ని లెక్కిస్తుంది. అందుకే రక్తంలో విడిగా తిరుగుతున్న గ్లిసరాల్ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఆరోగ్యవంతుల్లో అది స్వల్పం. షుగరు అదుపు తప్పి కొవ్వు కరుగుతున్న మనిషిలో అంత స్వల్పం కాకపోవచ్చు, అక్కడ లైపేజ్ లేకుండా పోలిక కోసం ఒక పరీక్ష (బ్లాంక్) విడిగా నడిపి, ఆ అంకె తీసెయ్యాలి. చేతులకు గ్లిసరిన్ ఉన్న క్రీము రాసుకుని పిపెట్ టిప్పులు ముట్టుకున్నా అంకె పెరుగుతుంది.

ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్ అనేది) చాలా రిపోర్టుల్లో కొలిచిన అంకె కాదు, లెక్కగట్టిన అంకె. ఫ్రైడ్‌వాల్డ్ 1972లో ఇచ్చిన సూత్రం: మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నీ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునీ తీసెయ్యడం. అవి వరసగా 210, 40, 150 అయితే ఎల్‌డీఎల్ 140. అదే మనిషి పరగడుపు కాకుండా వచ్చి ట్రైగ్లిజరైడ్లు 250 ఉంటే సూత్రం 120 అంటుంది. ఎల్‌డీఎల్ తగ్గలేదు, ఐదో వంతు అన్న ఊహ తప్పింది. 400 దాటితే ఆ సూత్రం వాడనే కూడదు. అలాంటి సీరం పాలలా కనబడుతుంది. ఒక రాత్రి 4 డిగ్రీల దగ్గర కదపకుండా నిలబెడితే పైన మీగడ కట్టేది తిండి నుంచి వచ్చిన కైలోమైక్రాన్లు, కింద అంతా మసగ్గా ఉంటే కాలేయం పంపిన వీఎల్‌డీఎల్. పైసా ఖర్చు లేని ఈ పరీక్ష ఎన్ని యంత్రాలొచ్చినా నాకు ఇష్టమే. ఇంకో మాట: ఈడీటీఏ కణాల్లోంచి నీటిని బయటికి లాగుతుంది కాబట్టి ఆ ప్లాస్మాలో కొలెస్ట్రాల్ సీరం కంటే 3 శాతం దాకా తక్కువ వస్తుంది. సగం మందికి సీరంలో, సగం మందికి ప్లాస్మాలో చేసి కలపకూడదు.

ఫాస్ఫోలిపిడ్లు (ఫాస్ఫరస్ ఉన్న కొవ్వులు) కొలిచేటప్పుడు మనవాడి పద్ధతే వాడాం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో ఆయనతో పనిచేసిన ఫిస్కే కలిసి 1925లో ఇచ్చిన ఫాస్ఫరస్ కొలత అది. ఆ కొలత చేతిలో ఉండబట్టే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, తర్వాత కణాలకు శక్తినిచ్చే ఏటీపీని వాళ్ళు పట్టుకోగలిగారు. 0.2 మిల్లీలీటర్ల సీరానికి 4 మిల్లీలీటర్ల క్లోరోఫాం, మిథనాల్ రెండుకొకటి పాళ్ళ మిశ్రమం, కదిపి వడగట్టి, 0.8 మిల్లీలీటర్ల ఉప్పునీళ్ళు పోస్తే రెండు పొరలవుతాయి. కొవ్వులన్నీ కింది క్లోరోఫాం పొరలో. మామూలు గట్టి ప్లాస్టిక్ ట్యూబు క్లోరోఫాంలో కరిగిపోతుంది, గాజే వాడాలి. ఎండాకాలంలో క్లోరోఫాం పిపెట్ కొసనుంచి దానంతటదే కారుతుంది. ముందు రెండుమూడుసార్లు పీల్చి వదిలి లోపల ఆవిరి నిండనిస్తే కారడం ఆగుతుంది. కింది పొరని పూర్తిగా ఆరబెట్టి, ఆమ్లంలో కాచి, తేటపడ్డాక మాలిబ్డేట్, అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లం కలిపితే నీలం రంగు తేలుతుంది. వచ్చిన ఫాస్ఫరస్‌ని 25తో గుణిస్తే ఫాస్ఫోలిపిడ్. కాచడానికి పెర్‌క్లోరిక్ ఆమ్లం వాడితే ద్రావకం ఒక్క చుక్క కూడా మిగలకూడదు, పేలే ప్రమాదం ఉంది. పొగ లాగే అర తప్పనిసరి. మా బ్లాంకులే (నమూనా వెయ్యని గొట్టాలే) నీలంగా వచ్చిన రోజులున్నాయి. గాజుసామాను సబ్బుపొడితో కడిగినందువల్ల. సబ్బుపొడుల్లో ఫాస్ఫేటు ఉండొచ్చు. వాటిని పలచని ఆమ్లంలో నానబెట్టి శుద్ధజలంతో కడగడం మొదలుపెట్టాక బ్లాంకు తెల్లబడింది.

ఆల్బుమిన్‌కి బ్రోమోక్రెసాల్ గ్రీన్ రంగు. ఇది ఆల్బుమిన్‌తో వెంటనే కలుస్తుంది, గ్లోబ్యులిన్లతో మెల్లగా కలుస్తుంది. రీడింగ్ ఆలస్యం చేస్తే గ్లోబ్యులిన్లు కూడా ఆల్బుమిన్ పద్దులో పడతాయి. ఒక్కొక్క ట్యూబుకీ రంగు కలిపి వెంటనే చదవాలి. ఇరవై ట్యూబులకి ఒకేసారి రంగు పోసి టీకి వెళ్ళకూడదు.

ప్రొటీన్ వైపు అసలు కష్టం 24 గంటల మూత్రం. లేచిన వెంటనే పోసిన మొదటి మూత్రం పారబోసి, అక్కడి నుంచి మర్నాడు అదే వేళకు పోసిన దానితో సహా అంతా పట్టాలి. పనికెళ్ళే మనిషి బాటిల్ పట్టుకుని బస్సెక్కడు, ఆదివారం ఇవ్వడమే మేలు. ఆడవాళ్ళకి పట్టుకోవడానికి వేరే మగ్గు ఇవ్వాలి. ఈ వేడికి బాక్టీరియా యూరియాని అమ్మోనియాగా మార్చేస్తుంది, ఘాటు వాసన వచ్చిందంటే నత్రజని ఎగిరిపోతున్నట్టే. చిటికెడు థైమాల్ వేసి, ఐసు డబ్బాలో పెట్టించాం.

ఒక్కసారి పట్టడం మర్చిపోతే ఏమవుతుందో చూడండి. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ తిన్నవాడు, 6.25 గ్రాములకు ఒక గ్రాము నత్రజని లెక్కన, 9.6 గ్రాముల నత్రజని తీసుకున్నాడు. మూత్రంలో యూరియా నత్రజని 7 గ్రాములు, చర్మం, మలం వగైరాలకు 4 కలిపితే 11. రోజుకి 1.4 గ్రాముల లోటు, అంటే ఒంట్లోంచి దాదాపు 9 గ్రాముల ప్రొటీన్ కరుగుతోంది. లీటరున్నరలో 300 మిల్లీలీటర్లు బాత్రూంలో పోయిందనుకుందాం. 7 కాస్తా 5.6 అవుతుంది, 4 కలిపితే 9.6, లోటు సున్నా. కరిగిపోతున్న మనిషి నిలకడగా ఉన్నట్టు తేలాడు. అందుకే ప్రతి బాటిల్లోనూ, కండరాల నుంచి రోజూ దాదాపు ఒకే మోతాదులో వచ్చే క్రియాటినిన్ చూడాలి. మగవాళ్ళలో రోజుకి, ఒంటి బరువు కిలోకి 20 నుంచి 25 మిల్లీగ్రాములు, ఆడవాళ్ళలో 15 నుంచి 20 రావాలి. 60 కిలోల మగమనిషికి 900 వచ్చిందంటే ముందు మూత్రం మొత్తం పట్టాడా అని నెమ్మదిగా అడగాలి. కండ బాగా తగ్గినవాళ్ళలో, ముసలివాళ్ళలో నిజంగానే తక్కువ రావచ్చు, అది గుర్తుంచుకోవాలి. అన్నట్టు, 6.25 అన్ని తిండ్లకూ సరిపోదు. బియ్యం ప్రొటీన్‌కి 5.95. మూడు పూటలా అన్నం తినేవాళ్ళ లెక్కలో ఇది తేడా తెస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు పక్కనుంచుకుని, గిన్నెల కొలతలతో కాకుండా ఇంట్లో వాడే గరిటెనే తూచి లెక్క రాశాం.

హెచ్‌బీఏ1సీ (హీమోగ్లోబిన్‌కి అంటుకున్న చక్కెర కొలత, రెండు మూడు నెలల సగటు చెప్పేది) ఒక్కటే నమ్ముకోవద్దు. కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రి) లాంటి ఆస్పత్రులకి పాడేరు, అరకు మన్యం నుంచి వచ్చేవాళ్ళలో సికిల్ సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగే) వ్యాధి గానీ, దాని వారసత్వ లక్షణం గానీ ఉన్నవాళ్ళుంటారు. ఎర్రకణాల ఆయుష్షు తగ్గితే హీమోగ్లోబిన్‌కి చక్కెర అంటుకునే సమయం కూడా తగ్గి అంకె తక్కువ వస్తుంది. ఇనుము లోపంలో తిరగబడి ఎక్కువ వస్తుంది. అంకెతో పాటు యంత్రం గీసే గ్రాఫులో మామూలుగా ఉండని శిఖరం ఉందేమో చూడాలి.

ప్లాస్మా, సీరం పావు మిల్లీలీటరు చొప్పున చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80లో పెట్టాం, ఒక్కో పరీక్షకి ఒక్కోటి, మళ్ళీ గడ్డకట్టించే పని లేకుండా. మామూలు స్టిక్కర్లు మంచుకి ఊడొస్తాయి. క్రయో లేబుళ్ళు, దానితోపాటు మూత మీద చెరగని పెన్నుతో అంకె. కరిగించాక తప్పనిసరిగా కలపాలి. గడ్డకట్టేటప్పుడు ప్రొటీన్లు, ఉప్పులు కిందికి చేరతాయి. పైనుంచి పీలిస్తే పలచని నీళ్ళే వస్తాయి. నురగ రాకుండా పదిసార్లు తిరగేస్తే సరి. ఒకే మనిషి నాలుగు నమూనాలనీ ఒకే ప్లేటులో (ఒకేసారి చదివే గుంతల పలకలో), ఆరోగ్యవంతులనీ షుగరువాళ్ళనీ ప్రతి ప్లేటులో కలిపి పెట్టాలి. షుగరువాళ్ళందరినీ ఒక రోజు, మిగతావాళ్ళని ఇంకో రోజు చేస్తే రోజుకీ రోజుకీ ఉండే తేడా రోగం తేడాలా కనబడుతుంది.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక ఈ ఊళ్ళో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. ఆ సంగతి తెలిసిన ఊళ్ళో ఫ్రీజర్ ఒక్కదానిలోనే అన్నీ పెట్టడం ఎంతమాత్రం తగదు. సగం గొట్టాలు వేరే భవనంలో, వేరే కరెంటు లైను మీద. తుఫానులొచ్చే అక్టోబర్, నవంబర్ నెలలకి డ్రై ఐసు ఎవరిస్తారో ముందే మాట్లాడుకుని ఉండాలి. ఫ్రీజర్‌లో ఖాళీ చోటు ఉంటే ఐసు ప్యాకులతో నింపాలి, కరెంటు పోయాక వేడెక్కడం ఆలస్యమవుతుంది. ఆ గంటల్లో తలుపు తెరిచి చూడాలన్న కోరికని ఆపుకోవాలి.

ఆఖరి పని, పాల్గొన్న ప్రతి ఒక్కరికీ వాళ్ళ అంకెలు తిరిగి ఇవ్వడం. పరగడుపున 126, రెండు గంటలకి 200 షుగరు హద్దులు. 140 నుంచి 199 మధ్యలో ఉంటే గ్లూకోజ్‌ని తట్టుకునే శక్తి తగ్గినట్టు. ఏ లక్షణాలూ లేని మనిషిలో రెంటిలో ఒక్కటే, అదీ ఒక్కసారే హద్దు దాటితే దాని మీద షుగరని ముద్ర వెయ్యకూడదు, ఇంకో రోజు మళ్ళీ చెయ్యాలి. అలాంటివాళ్ళకి మళ్ళీ ఎప్పుడు రావాలో తారీఖు కాగితం మీదే రాసి, దాని కింద పెద్దక్షరాలతో ‘ముందురోజు రాత్రి ఎనిమిది తర్వాత మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు, టీ కూడా’ అని రాసిచ్చాం.